పాఠకుల ప్రశ్నలు: టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ జన్యువు ఎప్పుడు, ఎక్కడ, ఎంత పనిచేస్తుంది?

నాడీ వ్యవస్థలోని ఎంజైముల జన్యువులు ఎలా అదుపులో ఉంటాయన్న విషయం మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే ఎంజైము చుట్టూ తిరిగాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని టైరోసిన్ హైడ్రాక్సిలేజ్‌కే కేటాయించాం. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఇది ఎల్-డోపాగా మారుస్తుంది. డోపా నుంచి డోపమైన్, డోపమైన్ నుంచి నారడ్రినలిన్, దాన్నుంచి అడ్రినలిన్ వరసగా తయారవుతాయి. ఈ వరసలో అన్నిటికన్నా నిదానంగా నడిచేది మొదటి మెట్టే కాబట్టి మొత్తం ఉత్పత్తి వేగం దాని మీదే ఆధారపడుతుంది. ఇకపై ఈ ఎంజైమును టీహెచ్ అందాం.

ప్రశ్న: ప్రతి కణంలోనూ అవే జన్యువులు ఉన్నప్పుడు టీహెచ్ కొన్ని నాడీకణాల్లోనే ఎందుకు తయారవుతుంది? మిగతా కణాల్లో ఆ జన్యువు ఏమవుతుంది? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: మిగతా కణాల్లోనూ జన్యువు చెక్కుచెదరకుండానే ఉంటుంది. కానీ దాన్ని చదివే యంత్రాంగం అక్కడికి చేరదు. మనిషి మెదడులో దాదాపు 8600 కోట్ల నాడీకణాలుంటే, మధ్య మెదడులో డోపమైన్ తయారుచేసేవి నాలుగు నుంచి ఆరు లక్షలే. వాటికి తోడు లోకస్ సెరూలియస్ వంటి నారడ్రినలిన్ కేంద్రాలు, సింపథెటిక్ గాంగ్లియాన్లు (మెదడు బయట ఉండే నాడీకణాల ముడులు), అడ్రినల్ గ్రంథి లోపలి భాగమైన మెడుల్లా, ముక్కు వెనకాల ఉండే ఘ్రాణ లంబికలోని కొన్ని కణాలు. టీహెచ్ కనిపించే ముఖ్యమైన చోట్లలో ఇవి కొన్ని.

మనిషిలో ఈ జన్యువు 11వ క్రోమోజోమ్ పొట్టి భుజం కొసన, ఇన్సులిన్ జన్యువు పక్కనే ఉంది. డీఎన్‌ఏ మీద పక్కపక్కనే ఉన్నా ఒకటి క్లోమంలో, మరొకటి నాడీకణాల్లో పనిచేస్తాయి. అంటే ఏ కణంలో చదవాలన్నది జన్యువు ఉన్న చోటు ఒక్కటే తేల్చదు. జన్యువుకు ముందున్న ప్రమోటర్ భాగంలోని చిన్న చిన్న వరసలు, వాటికి అతుక్కునే ప్రోటీన్లు కలిసి తేలుస్తాయి.

ఆ వరసల్లో ముఖ్యమైనది సీఆర్‌ఈ. ఎనిమిది అక్షరాల వరస: టీ-జీ-ఏ-సీ-జీ-టీ-సీ-ఏ. ఎలుకలో ఇది చదవడం మొదలయ్యే చోటికి దాదాపు 40 అక్షరాల ముందు ఉంటుంది. దీన్ని చెడగొడితే ప్రేరణకు స్పందించడమే కాదు, మామూలుగా నడిచే ఉత్పత్తి కూడా పడిపోతుంది. మరికాస్త వెనక, సుమారు 200 అక్షరాల దూరంలో, ఏపీ-1 అనే చోటు ఉంది. ఫాస్, జున్ కుటుంబాల ప్రోటీన్లు దాని మీద కూర్చుంటాయి.

అయితే సీఆర్‌ఈ మీద కూర్చునే క్రెబ్ ప్రోటీన్ దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది. కాబట్టి ఏ కణమన్నది తేల్చే పని వేరేవాళ్లది. మధ్య మెదడులో ఆ పని నర్1 అనే ప్రోటీన్‌ది. అది లేని ఎలుక పిల్లల్లో మధ్య మెదడు కణాలకు టీహెచ్ రాదు, లోకస్ సెరూలియస్‌లోనూ అడ్రినల్ గ్రంథిలోనూ మాత్రం మామూలుగానే వస్తుంది. పిట్ఎక్స్3 అనేది లేకపోతే మధ్య మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా భాగపు కణాలు ఎక్కువగా దెబ్బతిని, దాని పక్కనున్న వెంట్రల్ టెగ్మెంటల్ భాగం చాలావరకు తట్టుకుంటుంది. నారడ్రినలిన్ కణాల్లో నడిపించేవి ఫాక్స్2ఏ, ఫాక్స్2బీ, హ్యాండ్2, గాటా3. ఒకే ఎంజైమును ఒక్కో రకం కణం ఒక్కో బృందంతో తెప్పించుకుంటుందన్న మాట. ఈ అంశాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ఒక రకం కణంలో దొరికిన ఫలితాన్ని మరో రకానికి నేరుగా అంటగట్టడం ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు.

అవసరం లేని చోట ఆ ప్రాంతపు డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ బిగుసుకుపోయి ఉంటుంది. నాడీకణాలు కాని కణాల్లో రెస్ట్ అనే అణచివేత ప్రోటీన్ కూడా పనిచేస్తుంది. 1995లో దాన్ని గుర్తించినప్పుడు నాడీ జన్యువులన్నిటికీ అదే కాపలా అనిపించింది. కానీ అది ఒక్కటే చాలదు. నాడీకణాల్లో రెస్ట్ తక్కువే అయినా వాటిలో అత్యధిక భాగం టీహెచ్ తయారుచేయవు కదా!

ఎంతమేర ప్రమోటర్ కావాలి అన్నది మరో ప్రశ్న. ఎలుక జన్యువు ముందున్న 4.8 కిలోబేసుల (4,800 అక్షరాల) ముక్కను చుంచెలుకల్లోకి ఎక్కిస్తే, దాని వెనక తగిలించిన సూచిక జన్యువు చాలావరకు సరైన కణాల్లోనే పనిచేసింది. కొన్ని వందల అక్షరాల ముక్కతో కల్చర్ పళ్లెంలో వచ్చిన ఫలితం జంతువులో నిలబడకపోవడానికి కారణం మీకు ఇక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: నేర పరిశోధనలో వాడే డీఎన్‌ఏ గుర్తుల్లో టీహెచ్01 అని ఒకటి ఉంది. అది ఈ జన్యువుదేనా? (న్యాయశాస్త్ర విద్యార్థి)

జవాబు: అవును, ఇదే జన్యువు. దాని మొదటి ఇంట్రాన్‌లో (ప్రోటీన్ తయారీకి వాడకుండా మధ్యలోనే కత్తిరించేసే భాగం) నాలుగు అక్షరాల వరస ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. 9.3 అనే రకంలో ఒక అక్షరం తక్కువ, అందుకే ఆ విచిత్రమైన అంకె. ఈ పునరావృతాల సంఖ్య జన్యువు చదివే వేగాన్ని కొంత మారుస్తుందని ప్రయోగశాలలో చూపించారు. అంతమాత్రాన నేర పరిశోధన నివేదికలోని టీహెచ్01 అంకెను చూసి ఎవరి డోపమైన్ గురించీ, స్వభావం గురించీ ఏమీ చెప్పకూడదు.

ప్రశ్న: ఒత్తిడిలో ఉన్నప్పుడు టీహెచ్ పెరుగుతుందని చదివాను. నరం నుంచి వచ్చిన సంకేతం జన్యువు దాకా ఎలా చేరుతుంది? ఎంతసేపు పడుతుంది? (జీవశాస్త్ర ఉపాధ్యాయుడు)

జవాబు: ఈ సంగతి 1969లో థోనెన్, ముల్లర్, ఆక్సెల్‌రాడ్‌ల ప్రయోగాలతో గట్టిపడింది. రెసర్పిన్ అనే మందు నాడీకణాల్లోని నిల్వలను ఖాళీ చేస్తుంది. దానికి స్పందనగా సింపథెటిక్ నరాల్లో సంకేతాల రద్దీ పెరుగుతుంది. అలా ఒకటి రెండు రోజులు గడిచాక గాంగ్లియాన్‌లోనూ అడ్రినల్‌లోనూ టీహెచ్ పెరిగింది. గాంగ్లియాన్‌కు వచ్చే నరాన్ని ముందే కోసేస్తే మందు ఇచ్చినా పెరగలేదు. అంటే మందు నేరుగా చేసిన పని కాదిది, ముందు నరం నుంచి సినాప్స్ దాటి వచ్చిన ఆదేశం. ఆక్సెల్‌రాడ్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది, కాకపోతే అది నారడ్రినలిన్ మీద ఆయన చేసిన మొత్తం కృషికి.

దారి ఇలా ఉంటుంది. అడ్రినల్ మెడుల్లాను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడికి వచ్చే నరం అసిటైల్‌కొలిన్‌ను విడుదల చేస్తుంది, ఒత్తిడి ఎక్కువగా, ఎడతెగకుండా ఉంటే పాకాప్ అనే పెప్టైడ్ కూడా తోడవుతుంది. అసిటైల్‌కొలిన్ నికోటినిక్ గ్రాహకాలను తెరుస్తుంది, కణంలోకి కాల్షియం వస్తుంది. పాకాప్ వల్ల సైక్లిక్ ఏఎంపీ పెరిగి ప్రోటీన్ కైనేజ్-ఏ మేల్కొంటుంది. ఈ రెండు దారులూ క్రెబ్ దగ్గర కలుస్తాయి. దాని 133వ స్థానంలోని సెరీన్‌కు ఫాస్ఫేట్ తగులుతుంది. ఫాస్ఫేట్ తగిలిన క్రెబ్ సీబీపీ అనే సహాయక ప్రోటీన్‌ను పిలుచుకుంటుంది, అది హిస్టోన్లకు అసిటైల్ గుంపులు తగిలించి ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కు దారి సుగమం చేస్తుంది.

సమయం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో గందరగోళమంతా ఇక్కడే. కణం వాడే గడియారం ఒకటి కాదు, కనీసం మూడు.

మొదటిది క్షణాలు, నిమిషాలది. జన్యువుతో పనిలేకుండా, ఉన్న ఎంజైమునే చురుకుగా మార్చడం. టీహెచ్ ప్రోటీన్ మొదటి భాగంలో 19, 31, 40 స్థానాల్లో సెరీన్లు ఉన్నాయి. మామూలుగా డోపమైన్ వచ్చి ఎంజైములోని ఇనుముకు గట్టిగా పట్టుకుని పని ఆపేస్తుంది, తయారైన సరుకే తయారీని ఆపడం. 40వ సెరీన్‌కు ప్రోటీన్ కైనేజ్-ఏ ఫాస్ఫేట్ తగిలించగానే ఆ పట్టు సడలి ఎంజైము మళ్లీ పనిలో పడుతుంది.

రెండోది గంటలది. క్రెబ్ ఫాస్ఫోరిలేషన్ 15 నుంచి 30 నిమిషాల్లో తారస్థాయికి వస్తుంది, జన్యువు చదివే వేగం గంటలోపే పెరుగుతుంది, జన్యువును చదివి రాసిన నకలైన ఎంఆర్‌ఎన్‌ఏ మోతాదు కొన్ని గంటల్లో కనిపించేంతగా ఎక్కుతుంది.

మూడోది రోజులది. ప్రోటీన్ మోతాదు నిజంగా మారేది అప్పుడే.

ఎలుకలను రెండు గంటలపాటు ఒక్కసారి కదలకుండా ఉంచితే అడ్రినల్‌లో టీహెచ్ ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. అదే రోజూ కొన్ని రోజులు చేస్తే ఎంఆర్‌ఎన్‌ఏ పైనే నిలబడి ప్రోటీన్ కూడా పెరుగుతుంది. అప్పుడు ఏపీ-1 చోట కూర్చునే జట్టు కూడా మారుతుంది. మొదట్లో వచ్చి పోయే సి-ఫాస్ బదులు ఎక్కువకాలం నిలిచే ఫ్రా-2 వంటివి చేరతాయి. ఒక్కరోజు కంగారుకూ నెలల తరబడి ఒత్తిడికీ శరీరంలో తేడా ఎందుకొస్తుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ప్రశ్న: టైరోసిన్ పొడి తింటే డోపమైన్ పెరుగుతుందా?

జవాబు: ఆరోగ్యంగా ఉన్నవారిలో పెద్దగా పెరగదు. మెదడులో టైరోసిన్ ఇప్పటికే టీహెచ్‌ను దాదాపు నింపేంత ఉంటుంది. ఇంకా పోస్తే పని వేగం పెరగదు, మరీ ఎక్కువైతే టైరోసినే ఎంజైమును నెమ్మదింపజేస్తుంది. పైగా మెదడులోకి వెళ్లే దారిలో ఇతర అమైనో ఆమ్లాలతో పోటీపడాలి. చాలా వేగంగా పనిచేస్తున్న నాడీకణాల్లో కాస్త తేడా రావచ్చు. పార్కిన్సన్ వ్యాధిలో అసలు ఎంజైమున్న కణాలే నశిస్తాయి, అందుకే ఆ మెట్టును దాటించి నేరుగా ఎల్-డోపా ఇస్తారు. ఎల్-డోపా వాడుతున్నవారు టైరోసిన్ పొడి జోలికి డాక్టరును అడగకుండా వెళ్లవద్దు, రెండూ ఒకే దారిలో శరీరంలోకి పోతాయి.

ప్రశ్న: పీసీ12 కణాలకు సైక్లిక్ ఏఎంపీని పెంచే ఫోర్‌స్కోలిన్‌ను 10 మైక్రోమోలార్ మోతాదులో 6 గంటలు ఇచ్చాను. ఆర్‌ఎన్‌ఏను కొలిచే క్యూపీసీఆర్‌లో టీహెచ్ ఎంఆర్‌ఎన్‌ఏ మూడు రెట్లైంది. ప్రోటీన్‌ను కొలిచే వెస్టర్న్ బ్లాట్‌లో మాత్రం ఏ తేడా లేదు. యాంటీబాడీ మూడుసార్లు మార్చాను. ఏది తప్పు? (పరిశోధక విద్యార్థి)

జవాబు: బహుశా ఏదీ తప్పు కాదు, మీరు చూసిన సమయం తప్ప. లెక్క వేసి చూద్దాం. టీహెచ్ ప్రోటీన్ అర్ధాయుష్షు 48 గంటలనుకోండి. తయారీ వేగం ఒక్కసారిగా మూడు రెట్లై అలాగే నిలబడినా, 6 గంటల తర్వాత ప్రోటీన్ మోతాదు మొదటికన్నా 1.17 రెట్లే ఉంటుంది. 24 గంటలకు 1.6 రెట్లు, 48 గంటలకు 2 రెట్లు, 96 గంటలకు 2.5 రెట్లు. వెస్టర్న్ బ్లాట్ 17 శాతం తేడాను నమ్మకంగా పట్టలేదు. కాబట్టి 6, 24, 48, 72 గంటలకు నమూనాలు తీయండి. ఫోర్‌స్కోలిన్ ప్రభావం మధ్యలో సన్నగిల్లుతుంది కాబట్టి 24 గంటలకోసారి మాధ్యమం మార్చి తాజాగా వేయండి. ఫోర్‌స్కోలిన్‌ను డీఎంఎస్‌ఓలో కరిగించి ఉంటారు, అదే మోతాదు డీఎంఎస్‌ఓ, 0.1 శాతం మించకుండా, పోల్చే పళ్లేలకూ పడాలి.

రెండో కారణం ఇంకా మామూలుది. పీసీ12 కణాలు అడ్రినల్ కణితి నుంచి వచ్చినవి, వాటిలో టీహెచ్ మొదటి నుంచే దండిగా ఉంటుంది. ఒక్కో గాడిలో 20, 30 మైక్రోగ్రాముల ప్రోటీన్ పోస్తే 60 కిలోడాల్టన్ల దగ్గర పట్టీ అప్పటికే నిండిపోయి, రెండు రెట్ల తేడా కూడా కనపడదు. ఒకే నమూనాను 2.5, 5, 10, 20 మైక్రోగ్రాములుగా పక్కపక్కన పెట్టి చూడండి. మోతాదు రెట్టింపైనప్పుడు పట్టీ తీవ్రత కూడా రెట్టింపవుతున్న పరిధిలోనే కొలవండి. కణాలను చిదిపే ద్రావణంలో ప్రోటియేజ్ నిరోధకాలు తప్పనిసరి. టీహెచ్ మొదటి భాగం ప్రోటియేజ్‌లకు తొందరగా లొంగిపోతుంది, మీ యాంటీబాడీ ఆ భాగాన్ని గుర్తించేదైతే సంకేతం అకారణంగా తగ్గుతుంది. ఫాస్ఫో-సెరీన్-40 యాంటీబాడీ కూడా వాడుతుంటే ఫాస్ఫటేజ్ నిరోధకాలూ వేయాలి.

క్యూపీసీఆర్ వైపు కూడా ఒకసారి తనిఖీ చేయండి. మూడు రెట్లంటే 1.6 సైకిళ్ల తేడా మాత్రమే, చిన్న లోపం కూడా దాన్ని పుట్టించగలదు. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏస్‌తో శుద్ధి చేశారా? రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని గొట్టం సంకేతం అసలు నమూనాకన్నా 5 సైకిళ్లు ఆలస్యంగా వస్తే డీఎన్‌ఏ కల్తీ సుమారు 3 శాతం, 7 సైకిళ్లైతే 1 శాతం లోపు. అంతకన్నా దగ్గరగా వస్తే ఆ ఫలితాన్ని పక్కన పెట్టండి. ప్రైమర్లు (నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రెండు ఎక్సాన్లు (కత్తిరింపు తర్వాత ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే భాగాలు) కలిసే చోట కూర్చునేలా, ముక్క 70 నుంచి 150 అక్షరాల పొడవుండేలా చూసుకోండి. పదింతలు చొప్పున పలచన చేస్తూ గీసిన ప్రామాణిక గీత వాలు -3.1 నుంచి -3.6 మధ్య ఉండాలి. పోలికకు ఒకే జన్యువు చాలదు, కనీసం రెండు పెట్టుకుని, ఫోర్‌స్కోలిన్ వాటిని కదిలించడం లేదని ముందుగా చూపించండి. రేపు ఆక్సిజన్ తగ్గించి ప్రయోగం చేయాలనుకుంటే జీఏపీడీహెచ్‌ను మాత్రం పోలికకు వాడకండి, ఆక్సిజన్ తగ్గితే అదే పెరుగుతుంది.

మరొక మాట, ఇది పీసీ12కన్నా జంతువులతో పనిచేసేవారికి ముఖ్యం. కొన్ని చోట్ల ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగి రోజులు గడిచినా ప్రోటీన్ పెరగకపోవచ్చు. ఎలుక మధ్య మెదడులో ఇలా జరుగుతుంది. అక్కడ ఎంఆర్‌ఎన్‌ఏను ప్రోటీన్‌గా అనువదించే మెట్టుకు విడిగా అదుపు ఉంది, సైక్లిక్ ఏఎంపీ సంకేతం వస్తేనే అది తెరుచుకుంటుంది. అలాంటి ఫలితం వస్తే విఫలమైందని దాచేయకండి. ఎంఆర్‌ఎన్‌ఏ మీద వరసగా కూర్చున్న రైబోజోముల గుంపులైన పాలీసోమ్‌లను చక్కెర ద్రావణపు మెట్లలో వేరుచేసి, టీహెచ్ ఎంఆర్‌ఎన్‌ఏ బరువైన భాగాల్లో ఉందో తేలిక భాగాల్లో ఉందో చూడండి. తేలిక భాగాల్లోనే ఉంటే రైబోజోములు దాని మీదకు చేరడం లేదన్న మాట.

ప్రోటీన్ పెరిగితే పని కూడా పెరిగినట్టేనా అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది కాబట్టి ఇప్పుడే చెబుతాం: కాదు. ఎన్‌ఎస్‌డీ-1015 అనే మందుతో తర్వాతి మెట్టును ఆపి, పోగుపడిన డోపాను హెచ్‌పీఎల్‌సీలో విద్యుద్రసాయన డిటెక్టరుతో కొలవండి. గొట్టంలో కొలిస్తే పీహెచ్ 7 దగ్గర, సహకారి అయిన టెట్రాహైడ్రోబయోప్టెరిన్‌ను తక్కువగా వేసి కొలవండి. పీహెచ్ 6 దగ్గర ఎంజైము బాగా పనిచేస్తుంది కానీ ఫాస్ఫేట్ తగిలిన ఎంజైముకూ తగలనిదానికీ తేడా అక్కడ చాలామటుకు చెరిగిపోతుంది.

ప్రశ్న: ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగింది చదవడం ఎక్కువవడం వల్లా, లేక ఉన్నది తొందరగా విరగకపోవడం వల్లా? జన్యువు చదవడాన్ని ఆపే యాక్టినోమైసిన్-డి ఇచ్చి నాలుగు గంటలు చూశాను, తేడా తేలలేదు. (పరిశోధక విద్యార్థిని)

జవాబు: నాలుగు గంటలు చాలవు. పీసీ12లో టీహెచ్ ఎంఆర్‌ఎన్‌ఏ అర్ధాయుష్షు దాదాపు 10 గంటలు. నాలుగు గంటల్లో తగ్గేది 24 శాతమే, అంటే క్యూపీసీఆర్‌లో 0.4 సైకిల్, అది మీ పైపెట్ తేడాల్లోనే కలిసిపోతుంది. 12 గంటల వరకైనా లాగాలి. కానీ అంతసేపు యాక్టినోమైసిన్ పెడితే కణాలు చావడం మొదలవుతుంది, పైగా ఆ మందే కొన్ని ఎంఆర్‌ఎన్‌ఏలను నిలబెడుతుంది. పోలికకు వాడే జన్యువుల ఎంఆర్‌ఎన్‌ఏ కూడా ఆ సమయంలో విరిగిపోతుంటుంది కాబట్టి, బయటి నుంచి తెలిసిన మోతాదులో కలిపిన ఆర్‌ఎన్‌ఏతోనో 18ఎస్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏతోనో పోల్చాలి.

దీనికన్నా మేలైన మార్గం రెండు పనులు కలిపి చేయడం. మొదటిది, ఇంట్రాన్ లోపల కూర్చునే ప్రైమర్లతో అప్పుడే చదివిన, ఇంకా కత్తిరింపు కాని ఆర్‌ఎన్‌ఏను కొలవడం. చదవడం పెరిగితే ఇది పెరుగుతుంది, కేవలం ఆయుష్షు పెరిగితే పెరగదు. డీఎన్‌ఏ కల్తీ ఇక్కడ ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఇంట్రాన్ డీఎన్‌ఏలోనూ ఉంటుంది. రెండోది, 4-థయోయూరిడిన్ వేసి కొత్తగా పుట్టిన ఆర్‌ఎన్‌ఏకు గుర్తు పెట్టి, పాతదాన్నీ కొత్తదాన్నీ విడదీసి కొలవడం.

టీహెచ్ విషయంలో ఈ తేడా నిజంగా ముఖ్యం. ఆక్సిజన్ తగ్గినప్పుడు రెండూ జరుగుతాయి. చదవడం పెరుగుతుంది, అర్ధాయుష్షు కూడా 10 గంటల నుంచి 30 గంటల దాకా పోతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ చివరనున్న, అనువాదం కాని భాగంలో సీ, యూ అక్షరాలు దండిగా ఉన్న ఒక చిన్న వరస ఉంది. పాలీ-సీ బంధక ప్రోటీన్లు దానికి అతుక్కుని విరగకుండా కాపాడతాయి. మెడ దగ్గర రక్తంలోని ఆక్సిజన్‌ను పసిగట్టే కెరోటిడ్ బాడీ కణాలు ఆక్సిజన్ కొరతలో టీహెచ్‌ను పెంచుకోవడంలో ఈ ఏర్పాటుకు పాత్ర ఉంది. జన్యువు పనిని వెలుగుతో చూపే లూసిఫరేజ్ రిపోర్టరులో ప్రమోటర్ ఒక్కటే పెట్టి ఆక్సిజన్ ప్రభావాన్ని కొలిచేవారు ఈ సగాన్ని పూర్తిగా వదిలేసినట్టే.

ప్రశ్న: మెదడు కోతల్లో టీహెచ్ రంగు పట్టని చోట డోపమైన్ కణాలు చచ్చిపోయాయని రాయవచ్చా? (పాథాలజీ విద్యార్థి)

జవాబు: రాయకండి, మరో ఆధారం దొరికేదాకా. ఎలుక ఒక ముక్కు రంధ్రాన్ని మూసి కొన్ని వారాలు ఉంచితే ఆ వైపు ఘ్రాణ లంబికలో టీహెచ్ బాగా పడిపోతుంది. కణాలు మాత్రం బతికే ఉంటాయి, వరసలో తర్వాతి ఎంజైమైన డోపా డీకార్బాక్సిలేజ్ వాటిలో కనిపిస్తుంది. వాసన సంకేతాలు రాక జన్యువు చదవడం తగ్గింది, అంతే. విషాల ప్రయోగాల్లో కూడా దెబ్బతిన్న కణం చావకముందే టీహెచ్‌ను వదులుకోవచ్చు. కాబట్టి అదే ప్రాంతపు వరస కోతల్లో నిస్సిల్ రంగుతో మొత్తం నాడీకణాలను లెక్కించండి, డోపమైన్‌ను కణంలోని నిల్వ సంచుల్లోకి చేర్చే వీమ్యాట్2 ప్రోటీన్ వంటి మరో గుర్తును జతచేయండి. ప్రయోగానికి ముందే కొసల నుంచి వెనక్కి పాకే ఫ్లోరోగోల్డ్ వంటి రంగు ఎక్కించి ఉంటే ఇంకా మంచిది, టీహెచ్ పోయినా ఆ రంగు కణంలో ఉండిపోతుంది.

ప్రశ్న: మా పాపకు టీహెచ్ లోపం ఉండవచ్చని డాక్టర్లు అంటున్నారు. ఎక్సోమ్ పరీక్షలో ఒకే మార్పు దొరికింది. ఇది రావాలంటే రెండు ఉండాలట కదా? వ్యాధి లేదనుకోవచ్చా? (ఒక తల్లి)

జవాబు: అలా అనుకోవద్దమ్మా, ఇంకా వెతకాలి. మీరన్నట్టు టీహెచ్ లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు దెబ్బతిన్న ప్రతులు వస్తేనే కనిపిస్తుంది. కానీ ఎక్సోమ్ పరీక్ష ప్రధానంగా ప్రోటీన్ రాసే భాగాలనే చదువుతుంది. పై జవాబుల్లో చెప్పిన సీఆర్‌ఈ వరస ప్రమోటర్‌లో ఉంది, చాలా ఎక్సోమ్ పరీక్షల్లో అది సరిగా రాదు. సరిగ్గా ఆ ఎనిమిది అక్షరాల్లో ఒక్కటి మారినా వ్యాధి వచ్చిన పిల్లలను 2007 నుంచి వైద్య పత్రికల్లో వివరించారు. ప్రోటీన్ రాసే భాగంలో ఏ లోపమూ లేకుండానే, జన్యువు చాలినంత చదవబడక వచ్చిన వ్యాధి అది.

కాబట్టి జన్యు నిపుణుణ్ణి మూడు విషయాలు అడగండి. ప్రమోటర్ భాగాన్ని విడిగా సాంగర్ పద్ధతిలో చదివించారా? ఎక్సాన్ మొత్తం ఎగిరిపోయే పెద్ద లోపాల కోసం చూశారా? దొరికిన మార్పు ఎవరి నుంచి వచ్చిందో తెలియడానికి తల్లిదండ్రుల నమూనాలు పరీక్షించారా? జన్యు శ్రేణి మొత్తం చదివే పరీక్ష అందుబాటులో ఉంటే మొదటి రెండింటికీ అదే చాలావరకు సరిపోతుంది. ఇదే లక్షణాలతో కనిపించే మరో వ్యాధి, టెట్రాహైడ్రోబయోప్టెరిన్ తయారీకి కావలసిన జీసీహెచ్1 జన్యువుది. దానికి ఒక్క ప్రతి దెబ్బతిన్నా చాలు. అదీ చూశారో లేదో కనుక్కోండి.

జన్యు పరీక్ష తేల్చని చోట మెదడు-వెన్ను ద్రవం తేలుస్తుంది. టీహెచ్ లోపంలో డోపమైన్ విరిగినప్పుడు వచ్చే హోమోవనిలిక్ ఆమ్లం తగ్గుతుంది, సెరటోనిన్ వైపు పదార్థమైన 5-హెచ్‌ఐఏఏ మామూలుగా ఉంటుంది, టెరిన్లు (టీహెచ్ సహకారి టెట్రాహైడ్రోబయోప్టెరిన్ కుటుంబపు పదార్థాలు) కూడా మామూలే. జీసీహెచ్1 లోపమైతే టెరిన్లు తగ్గుతాయి. మూత్రంలో డోపమైన్ కొలిచి నిర్ణయానికి రాకూడదు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం మూత్రపిండాల్లోనే తయారవుతుంది.

చికిత్స గురించి మీరు అడగలేదు, అయినా చెప్పడం మంచిది. ఎల్-డోపాను కార్బిడోపాతో కలిపి ఇస్తారు. ఈ పిల్లలు కొందరు దానికి అతిగా స్పందిస్తారు, చేతులూ కాళ్లూ అదుపు లేకుండా కదులుతాయి. అందుకే కిలో బరువుకు రోజుకు అర మిల్లీగ్రాము వంటి అతి చిన్న మోతాదుతో, కొన్ని విడతలుగా మొదలుపెట్టి, వారాల తరబడి నెమ్మదిగా పెంచుతారు. అలాంటి కదలికలు మొదలైతే మందు పనిచేయలేదని మీరే ఆపకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి, మోతాదు తగ్గించి మళ్లీ నిదానంగా పెంచుతారు.

వెన్ను ద్రవం తీసేది మందు మొదలుపెట్టకముందే కావాలి, ఎల్-డోపా పడ్డాక ఆ అంకెలకు అర్థం మారిపోతుంది. పరీక్షశాల చెప్పిన వరసలోనే గొట్టాలు నింపాలి. మొదట వచ్చే చుక్కల్లోనూ తర్వాత వచ్చేవాటిలోనూ హోమోవనిలిక్ ఆమ్లం మోతాదు వేరుగా ఉంటుంది. రక్తం కలిస్తే వెంటనే వడి తిప్పి వేరుచేయాలి. ద్రవాన్ని మంచం పక్కనే గడ్డకట్టించి, పరీక్షశాలకు చేరేదాకా మైనస్ 70 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువలో ఉంచాలి.